ఆటకట్టునకు ముందు

చదరంగము ఆడనివారు సైతము చదరంగపు మాటలు ఆడుచునే యుందురు. ఒకడు యుక్తి పన్నినచో వాడు ఎత్తు వేసెనందుము. అంతకు మించిన యుక్తి పన్నినవాడు పైఎత్తు వేసెనందుము. తనకు తెలియకయే పరుల పనికి వినియోగపడినవానిని పావుగా వాడుకొనిరందుము. ఊరిని చిరకాలము వేధించిన దొంగ పట్టుబడిననాడు వాని ఆట కట్టినదని ఊపిరి పీల్చుకొందుము. ఈ మాటలన్నియు పలకమీదినుండి మన వాడుకలోనికి దిగివచ్చినవే.

అయితే ఈ కడపటి మాటయందొక చిన్న లోపమున్నది. ఆటకట్టు అనగానే మనకు ఒక్క దెబ్బ స్ఫురించును. వల పడినది, పిట్ట చిక్కినది, అంతయు ముగిసినది అనుకొందుము. ఆట నెఱిగినవారు మాత్రము ఆ ఒక్క దెబ్బను అంతగా లెక్కచేయరు. దానికి ముందు నడచు దీర్ఘమైన ఘట్టమున్నది. పావులలో పెక్కు పోయి, పలక బయలై, మిగిలిన నలుగురైదుగురు మెల్లగా అడుగులు వేయు కాలమది. గెలుపోటములు సాధారణముగా అక్కడనే నిర్ణయమగును. ఆ ఘట్టమును గూర్చియు, అది మన బ్రతుకునకు నేర్పు సంగతులను గూర్చియు నేడు నాలుగు మాటలు విన్నవించుచున్నాను.

ముందుగా ఆట పుట్టుక. క్రీస్తు శకము 6వ శతాబ్ది ప్రాంతమున మన దేశమున చతురంగమను పేర ఇది వెలసినది. ఏనుగులు, గుర్రములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేనయే చతురంగము. ఇక్కడనుండి పారసీకమునకును, పారసీకమునుండి అరబ్బులకును, వారివలన ఐరోపాకును ఈ ఆట ప్రయాణము చేసినది. ఆటకట్టును పారసీకులు షా మాత్ అనిరి. రాజు చచ్చెనని దానికి కొందఱు అర్థము చెప్పుదురు గాని, రాజు దిక్కులేక చిక్కుకొనెననుటయే సరియైన అర్థము. ఆటలో ఏనుగు చచ్చును, గుర్రము చచ్చును, మంత్రియు చచ్చును. రాజు మాత్రము చావడు. ఇక తప్పించుకొను దారి లేదని తేలిన క్షణముననే ఆట ఆగును. ఎదుటివానిని చంపుట కాదు, తగవును తేల్చుటయే ఈ ఆట కోరునది. ఈ సంగతిని మనసునందుంచుకొనుడు. దీనితో మనకు ముందు పని యున్నది.

ఆటను నేర్పువారు దానిని మూడు భాగములు చేయుదురు. బలగమును బారులు తీర్చునది మొదటిది. పోరు ముమ్మరముగా సాగునది నడిమిది. సైన్యము పలుచబడిన తరువాతిది చివరిది. ఇక్కడ చివరి భాగము మొదలైనదని చూపుటకు పలకమీద గీత ఏదియు ఉండదు. 64 గడులమీద 32 పావులతో మొదలైన ఆటలో మంత్రులిద్దఱును పడిపోయి, ఇరువైపులను ఒకటి రెండు పెద్ద పావులును, కొన్ని బంట్లును మిగిలినప్పుడు మనము అక్కడికి చేరితిమని తెలిసికొనవలెను. తెలిసికొననివాడు నడిమి భాగపు బుద్ధితోనే చివరి భాగమును ఆడి చెడును. ఏలయన, అక్కడ మూడు ధర్మములు మారిపోవును.

మొదటిది రాజు ధర్మము. ఆట మొదట రాజు కోట చాటున దాగియుండవలెను. ఎదుటి మంత్రియు ఏనుగులును తిరుగుచున్నంతసేపు రాజు నడిబయట నిలుచుట ఆత్మహత్యయే. సేనలు తఱిగిన తరువాత అట్లు కాదు. అతనిని పట్టగల పావులు లేవు కనుక భయము తగ్గినది. అతడు చుట్టునున్న ఎనిమిది గడులను కాపాడగలడు. ఆ వేళ అతని బలము ఒక గుర్రపు బలమునకో శకటు బలమునకో తీసిపోదు. అట్టివాడు ఇంకను మూలనే కూర్చుండిన, ఉన్న కొద్ది బలములో పెద్ద భాగము పనికిరాక పోయినట్లే. కావున చివరి భాగమున రాజు తానే లేచి, ఒక్కొక్క గడి నడచి, తన బంట్లకు తోడు పోవలెను. దాగుట ధర్మమైనవానికే నడచుట ధర్మమగును. సంసారమున కూడ ఇట్టి కాలము వచ్చును. ఇంతకాలము కొడుకులచేత, పాలేర్లచేత, కరణముచేత పని నడిపించిన యజమాని, కొన్ని పనులకు తానే కఱ్ఱ చేతబట్టి బయలుదేరవలసియుండును. పొలము గట్టు ఎక్కడిదో, బావిలో వంతు ఎవరిదో, ఏ బాకీ తీరినదో, ఏది తీరలేదో తాను తప్ప చెప్పగలవారుండరు.

రెండవది బంటు ధర్మము. ఆట ఆరంభమున బంటు అల్పుడు. పెద్ద పావునకు దారి విడుచుటకై అతనిని బలియిచ్చుట పరిపాటి. చివరికి వచ్చునప్పటికి ఆ బంటే ఆటకు ప్రాణము. అతడు ఎనిమిదవ వరుస చేరెనా, మంత్రియగును. మన నాటు పద్ధతిలో బంటు ఏ గడికి చేరునో ఆ గడికి చెందిన పావు పదవినే పొందుట ఆచారము. ఏనుగు గడికి చేరినవాడు ఏనుగు, గుర్రపు గడికి చేరినవాడు గుర్రము. నేటి లోకపు నియమమున మాత్రము రాజు పదవి తప్ప ఏ పదవినైనను కోరుకొనవచ్చును. ఏ పద్ధతియైనను, గెలుపు ఆ చిన్నవాని నడకమీదనే ఆధారపడును.

బంటు పరుగెత్తునప్పుడు ఎదుటి రాజు అతనిని అందుకొనగలడా అని తెలిసికొనుటకు ఒక్కొక్క అడుగును లెక్కించి తల పగులగొట్టుకొననక్కరలేదు. బంటు నిలిచిన గడినుండి చివరి వరుస వరకు ఎన్ని గడులున్నవో చూచి, అంతే వెడల్పుతో ఎదుటి రాజున్న ప్రక్కకు ఒక చౌకమును మనసున గీసికొనవలెను. ఆ రాజు చౌకములోపల ఉన్నను, తన వంతు వచ్చినప్పుడు లోపల అడుగు పెట్టగలిగినను బంటు చిక్కును, లేనిచో చిక్కడు. మొదటి స్థానమునుండి ఇంకను కదలని బంటు రెండు గడులు ఒక్కసారి దాటగలడు గనుక అతని లెక్క మాత్రము వేఱు. రచ్చబండ మీద మనుమలకు నేర్పదగిన సూత్రమిది. దీనితోపాటు మఱియొకటియు నేర్పవలెను. ఆ బంటు చివరికి దారి దొరకినవాడుగా మిగులుటకు గాని, ఎదుట అడ్డుపడి నిలిచిపోవుటకు గాని కారణము తఱచుగా ఆట మొదటనే వేసిన ఏదో యొక అడుగు. ఎనిమిదవ ఎత్తున అలక్ష్యముగా త్రోసిన బంటు ఏబదియవ ఎత్తున లెక్క అడుగును.

మూడవది వంతు ధర్మము. ఇదియే తెలియుటకు కొంచెము కష్టము, తెలిసిన తరువాత మఱపునకు రానిది. ఆట మొదట వంతు వచ్చుట లాభము. ముందు ఎత్తు వేసినవాడు ముందుండును. చివర అట్లు కాని సమయములున్నవి. రాజులిరువురు ఒకే బారున ఎదురెదురుగా నిలిచి, నడుమ ఒక్క గడి మాత్రము ఖాళీగా నున్నదనుకొనుడు. నడుమనున్న గడులలోనికి ఇద్దఱిలో ఎవ్వఱును అడుగుపెట్టరాదు. పెట్టిన ఎదుటి రాజు చేతికి చిక్కుదురు. ఇప్పుడు ఎవని వంతు వచ్చునో వాడు ప్రక్కకో వెనుకకో తొలగవలెను. వాడు తొలగిన మఱుక్షణము రెండవవాడు ముందునకు వచ్చును. పెనుగులాట లేదు, దెబ్బ లేదు. కదలక తప్పకుండుటయే ఓటమికి కారణమైనది. కదలకుండ నిలువగలిగిన ఓడనివాడు, కదలవలసివచ్చినందున ఓడిపోవును.

ఇక్కడ ఆటకును బ్రతుకునకును పోలిక తెగిపోవును. తెగిన చోటునే మనము గమనింపవలెను. చదరంగపు రాజునకు ఊరకుండు హక్కు లేదు. వంతు రాగానే, హానియని తెలిసియు, అతడు కదలవలెను. మనకు ఆ హక్కున్నది. ఒకడు నలుగురిలో దురుసుగా మాటాడెను. వెంటనే బదులు చెప్పవలెనని ఎవరు మనలను నిర్బంధించిరి? ఎన్నో తగవులు పెద్దవారు తమ వంతు వచ్చెనని భ్రమించి ఆడిన మాటవలననే ముదిరినవి. ఆడకుండ గడపిన రాత్రివలన ఎన్నో చల్లారినవి. ఆటలో లేని ఈ వరమును బ్రతుకులో వాడుకొననివాడు ఆట నేర్చియు ఫలమేమి?

ఇక గెలుచుచున్నవానికి వచ్చు ప్రమాదమును చెప్పెదను. ఓడుచున్నవానికన్న వానికే హెచ్చరిక ఎక్కువ అవసరము. ఎదుటివాని బలగమంతయు పోయినది. ఒంటరి రాజు పలక మూలకు చేరినాడు. మనకు మంత్రియున్నాడు. తొందరపడి మంత్రిని ఆ రాజునకు గుర్రపు దాటు దూరమున నిలిపితిమనుకొనుడు. ఆ రాజునకు షా లేదు. కాని అతడు కదలుటకు ఒక్క గడియు మిగులలేదు. కదల్చుటకు వేఱొక పావును వానికి లేదు. ఇట్లయినచో నేటి నియమము ప్రకారము ఆట సరిసమానము. అంతవరకు సాధించిన ఆధిక్యమంతయు ఆ ఒక్క ఎత్తుతో సున్న. అరబ్బుల పాత ఆటలో ఎదుటివానికి కదలిక లేకుండ చేసినవాడు గెలిచినట్లే. ఇంగ్లండున మాత్రము 17వ శతాబ్దినుండి 19వ శతాబ్ది తొలినాళ్ల వరకు, అట్లు చేసినవాడే ఓడినట్లుగా లెక్కించిరి. నియమములు మారినను, ఈ స్థితిని ఏమనవలెనను సందేహము ఇన్ని దేశములవారిని ఇంతకాలము వేధించెనన్న సంగతి గమనింపదగినది. ఎదుటివానిని కదలకుండ బిగించుట గెలుపా? లోకము చివరకు కాదని తేల్చుకొన్నది.

నేనెఱిగిన యొక తగవు ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చుచున్నది. అన్నదమ్ములు ఇరువురు వేఱుపడిరి. అన్న లౌక్యమెఱిగినవాడు, పత్రములు చదువగలవాడు. ఇల్లు, కాలువ ప్రక్క పొలము, పశువుల కొట్టము అతని వంతునకు వచ్చినవి. తమ్మునకు లోపలి చెక్క వచ్చినది. దానికి పోవలెనన్న అన్నగారి గట్టుమీదుగా పోవలెను. పత్రములో దారి మాట లేదు. తమ్ముడు బండిదారి అడిగెను, అన్న ఇయ్యననెను. నలుగురును కూర్చుండి ఆ పత్రమును తిరుగవేసి చూచిరి. ప్రతి అక్షరమును అన్న పక్షమే. తమ్ముడు తన చెక్కకు నాగలి తీసికొనిపోలేడు. అమ్మబోయిన, దారిలేని పొలమును బయటివాడు కొనడు. కొనగలవాడు అన్న యొక్కడే. వానికి అమ్ముటకు తమ్ముని అభిమానము ఒప్పదు. పదకొండేండ్లు ఆ చెక్క బీడు పడి తుమ్మలు మొలచినది. ఆ తుమ్మల నీడ అన్నగారి పైరుమీదనే పడెను. అందులోని పందికొక్కులు అన్నగారి వరినే కొట్టెను. కడకు ఇంటి కోడలు, మామగారు ఊర లేని యొక దినమున, మరిదిని పిలిపించి, బండి పట్టునంత దారి విడువుమని పాలేరులచేత గట్టు చదును చేయించెను. ఊరికి తిరిగివచ్చిన అన్న దానిని చూచి ఏమియు అనలేదు. మఱుసటి యేడు రెండు పొలములును పండినవి.

చదరంగపు భాషలో చెప్పవలెనన్న, అన్న ప్రతి ఎత్తును గెలిచి ఆటను గెలువలేకపోయినాడు. తమ్మునకు కదలుటకు గడి లేకుండ చేసినాడు. కావున తగవు తీరుటకును గడి లేకపోయినది. మూలనున్న రాజునకు ఒక గడి విడిచి, తన రాజును మెల్లగా నడిపించి దగ్గఱకు తెచ్చినవాడే ఆట కట్టగలడు. భాగపంపకములకు, సరిహద్దు తగవులకు పెద్దలుగా కూర్చుండు మీరందఱును ఈ సూత్రమును నాకన్న బాగుగ ఎఱుగుదురు. ఓడినవానికి ఇంటికి పోవుటకు దారి ఉండవలెను. అది వానిమీది జాలికొఱకే కాదు, తీర్పు నిలుచుటకొఱకు.

గెలుపు చేతికి వచ్చిన తరువాత దానిని జారవిడుచుకొనుట రెండవ ప్రమాదము. భారతమున శల్యపర్వము నెఱిగినవారికి ఈ ఘట్టము క్రొత్త కాదు. పదునెనిమిది దినముల యుద్ధము ముగియవచ్చినది. దుర్యోధనుడు సేనలను కోల్పోయి ఒంటరియై మడుగులో దాగినాడు. అది చదరంగమున ఒంటరి రాజు స్థితియే. ఆ వేళ ధర్మరాజు, నీకిష్టమైన ఆయుధము పట్టి మాలో ఏ యొక్కనితోనైనను పోరుము, గెలిచిన రాజ్యము నీదే అని పలికెను. శ్రీకృష్ణుడు ఆయనను మందలించెను. గదాయుద్ధమున దుర్యోధనునితో సరితూగగలవాడు భీముడొక్కడు. అతడు నకులునో సహదేవునో కోరుకొనిన, ఇంతమంది ప్రాణములొడ్డి సాధించినదంతయు నొక్క పందెమున పోయెడిది. ఎదుటివానికి దారి విడుచుట వేఱు, సాధించిన ఫలమును అజాగ్రత్తతో ఒడ్డుట వేఱు. చివరి ఘట్టము ఈ రెండింటికిని నడుమ నడచు సన్నని గట్టు.

ఈ గట్టుమీద చక్కగా నడచినవానిని ఒకనిని చెప్పెదను. మీర్ సుల్తాన్ ఖాన్ పంజాబు పల్లెలో పుట్టినవాడు. సర్ ఉమర్ హయాత్ ఖాన్ అను జమీందారు కొలువులో నుండెడివాడు. అతడు నేర్చినది మన నాటు పద్ధతి ఆట. అందులో బంటు మొదటి అడుగున రెండు గడులు దాటరాదు. ఆట నిదానముగా సాగును. 1929లో యజమాని వెంట లండను చేరి, ఐరోపా నియమములతో ఆడి, ఆ యేడే బ్రిటిషు ఛాంపియన్‌షిప్పును గెలిచెను. మఱల 1932లోను 1933లోను గెలిచెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో, అంతకు ముందు 1921 నుండి 1927 వరకు జగజ్జేతయై యుండిన క్యూబా దేశపు కపబ్లాంకాను ఓడించెను. పుస్తకములు చదివి ఆరంభపు ఎత్తులను నేర్చినవాడు కాడు గనుక ఆట మొదట అతడు తఱచు ఇబ్బంది పడెడివాడు. ఆ ఇబ్బందిని ఓర్చుకొని, నడిమి భాగమును దాటించి, చివరి భాగమున పండితులను నెమ్మదిగా వంచెడివాడు. తరువాత స్వదేశమునకు వచ్చి సేద్యము చేసికొనుచు బ్రతికి 1966లో మరణించెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి గ్రాండ్‌మాస్టరు గౌరవమును 2024లో ఇచ్చినది. చక్కని ఆరంభము లేనివానికి చక్కని ముగింపు లేదని ఎవ్వఱును అనరాదు.

అదే 2024వ సంవత్సరమున మఱియొక చివరి ఘట్టమును లోకమంతయు చూచెను. డిసెంబరు 12వ తేదీన సింగపూరున జగజ్జేత పదవికై పదునాలుగవ ఆట జరిగెను. ఒకవైపు చైనా దేశపు డింగ్ లిరెన్. రెండవవైపు చెన్నపట్టణమున తెలుగింట పుట్టిన పదునెనిమిదేండ్ల దొమ్మరాజు గుకేశ్. అప్పటికి ఇరువురును సమానులు. పలకమీద ఇరువైపుల ఒక ఏనుగు, ఒక శకటు, కొద్ది బంట్లు మాత్రము మిగిలినవి. గుకేశునకు ఒక బంటు ఎక్కువ. అయినను సక్రమముగా ఆడిన ఆట సరిసమానముగనే ముగియవలసిన స్థితి. చూచువారిలో చాలమంది ముగిసినదనియే అనుకొనిరి. అతడు మాత్రము విడువక ఆడుచుండెను. డింగ్ 55వ ఎత్తున ఏనుగును జరిపి ఏనుగుల మార్పిడికి చోటిచ్చెను. అతని శకటు అప్పటికే మూలగడిలో నుండెను. ఏనుగుల వెనుక శకట్లును మారకమైనవి. రాజులును బంట్లును మాత్రము మిగిలినవి. 58వ ఎత్తున గుకేశుని రాజు ఎదుటి రాజునకు సూటిగా, నడుమ ఒక్క గడి ఉండునట్లు, వచ్చి నిలిచెను. నేను పైన చెప్పిన ఎదురెదురు నిలుకడయే అది. డింగ్ ఓటమి నొప్పుకొని చేయి చాచెను.

ఆ చేయి చాచుటను గూర్చి ఒక మాట. మంచి ఆటగాండ్ర నడుమ ఆటకట్టు వరకు పోవు ఆటలు అరుదు. ఇక దారి లేదని తెలిసినవాడు తానే లేచి ఎదుటివాని చేయి పట్టుకొనును. అది పిఱికితనము కాదు. లెక్క తెలిసినవాని మర్యాద. మన తగవులలో ఈ మర్యాద లేకపోవుటచేతనే వ్యాజ్యములు తండ్రులనుండి కొడుకులకు వారసత్వముగా వచ్చుచున్నవి. ఓడితినని తెలిసియు పైకోర్టునకు పోవువాడు ఆటకట్టును తప్పించుకొనుట లేదు. దానిని తన బిడ్డల ఇంటికి పంపుచున్నాడు.

మఱి ఓటమి అంచున నున్నవాడు వెంటనే చేయి చాచవలెనా? తొందరపడరాదు. 1921లో చెకొస్లొవేకియా ఆటగాడు రిచర్డ్ రేటీ ఒక చిన్న సమస్యను కల్పించెను. పలకమీద ఇద్దఱు రాజులు, చెరియొక బంటు మాత్రమే. తెల్లరాజు మూల నున్నాడు. నల్లబంటు మంత్రి కాబోవుచున్నది. దానిని అందుకొనుటకు తెల్లరాజు రెండడుగులు వెనుకబడి యున్నాడు. తెల్లబంటు దూరమున నున్నది. ఎదుటిరాజు రెండడుగులలో దానిని పట్టుకొనగలడు. పరుగెత్తి నల్లబంటును పట్టలేడు. పోయి తన బంటును కాపాడలేడు. అయినను తెల్లరాజు మూలగా, ఏటవాలుగా నడచును. చదరంగమున ఏటవాలు నడకకును నిటారు నడకకును అడుగులొక్కటే. ఆ దారిలో ప్రతి అడుగును రెండు పనులకును దగ్గఱ చేయుచున్నది. నల్లబంటు పరుగు ఆపక పోయిన, తెల్లరాజు తన బంటు చెంతకు చేరును. నల్లరాజు తెల్లబంటును చంపుటకు ఆగిన, తెల్లరాజు నల్లబంటును పట్టుకొనును. ఓడవలసిన ఆట సరిపోవును. వేర్వేఱుగా అసాధ్యములైన రెండు పనులు కలిపి నడచినచో సాధ్యమైనవి. బలము తక్కువైనవాడు ఒక్కొక్క అడుగును రెండు ప్రయోజనములకు వేయవలెను.

పావులు తక్కువైనంత మాత్రమున పని సులభమైనదని ఎవ్వఱును అనుకొనరాదు. రాజులతో కలిపి ఏడు పావులు మాత్రమే మిగిలిన స్థితులన్నింటిని 2012లో మాస్కో విశ్వవిద్యాలయపు మహాగణనయంత్రము సహాయమున కడముట్ట లెక్కించిరి. ఇరువైపులను ఒక్క తప్పును లేకుండ ఆడినను, వానిలో కొన్నింటిని గెలుచుటకు 500లకు పైబడిన ఎత్తులు పట్టునని తేలెను. మిగిలినవి ఏడే పావులు; మనుష్యుని ఆయువున ఎవ్వఱును అంత దూరము చూడలేరు.

ఈ ప్రసంగము వినువారిలో అరువది దాటినవారు పలువురుందురు. ఇక చివరి ఘట్టమే గదా, మిగిలిన నాలుగు దినములు ఎట్లో గడచిన చాలును అనుట మనలో వాడుక. ఆట చెప్పునది దానికి విరుద్ధము. చేతిలోని బలగము తఱిగిన కొలది ఒక్కొక్క అడుగునకు విలువ పెరుగునే గాని తఱుగదు. అయితే ఇక్కడ ఎదుట కూర్చున్నవాడు శత్రువు కాడు. మన తరువాత ఈ పలకమీద ఆడవలసినవారు మన బిడ్డలే. కనుక ఈ ఘట్టమున గెలుపనగా వారి నడుమ తగవు మిగులకుండుటయే. మీ చేయి వ్రాయగలిగినప్పుడే వీలునామా వ్రాయించుడు. మీ కాలు నడువగలిగినప్పుడే కొడుకులను వెంటబెట్టుకొని పోయి హద్దురాళ్లు చూపుడు. ఎవరి అప్పు తీరినదో ఆ పత్రమును మీ చేతులతోనే తిరిగి యిండు. చిన్నవాని చెక్కకు బండిదారి ఉన్నదో లేదో చూడుడు. లేనిచో పత్రములో ఆ యొక్క పంక్తిని చేర్పించుడు.